వాగుకి అవతల లైటు

ఆమెకి అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటుంది. పసిపిల్లతో ఒక్కతే ఇంట్లో ఉన్నప్పుడు తను కళ్ళు తిరిగి పడిపోతే, సాయంత్రం ఆయన వచ్చి బెల్లు కొట్టేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదని. పడిపోవడానికి పెద్దగా దిగులు పడేది కాదు. పడ్డవాళ్ళు లేస్తారు. లేవకపోతే పాప గతేమిటన్నదే ఆమె ఆలోచన. పాకడం వచ్చిన పిల్ల. వంటింట్లోకి పాకుతుందా, బాత్రూమ్ బకెట్ దగ్గరికి పాకుతుందా, లేక తల్లి పక్కనే కూర్చుని జుట్టు పీకి పీకి, అలిసిపోయి ఏడుస్తుందా? రోజూ పొద్దున ఆయన బూట్లు వేసుకుని మెట్లు దిగగానే ఆమె మనసు ఈ ఆలోచన ముందేసుకుని కూర్చునేది.

కాన్పయిన కొత్తలో ఒకసారి నిజంగానే పడింది. బట్టలు పిండుతూ పిండుతూ పడింది. కళ్ళు తెరిచేసరికి చెంప కింద తడి గచ్చు, ఎక్కడో దూరంగా పిల్ల ఏడుపు. ఎంతసేపు పడి ఉందో ఇప్పటికీ తెలియదు. సాయంత్రం ఆయనతో చెబితే, "టైముకి తినకపోతే అంతే మరి," అన్నాడు. ఫోన్లో అత్తగారితో చెబితే, "మేమూ కన్నాం తల్లీ ముగ్గుర్ని. పడిపోయే తీరిక ఎక్కడిది మాకు?" అంది. ఆ మాటకి తనకీ నవ్వొచ్చింది. నవ్వి ఫోన్ పెట్టేసింది. ఆ రోజు నుంచీ స్నానానికి వెళ్తే బాత్రూమ్ తలుపు తీసే ఉంచి, పిల్లని బట్టల బుట్టలో కూర్చోబెట్టి, ఆ బుట్టని గుమ్మానికి అడ్డంగా లాక్కుని పోసుకోవడం మొదలుపెట్టింది. వీధి తలుపు గడియ పెడితే తను పడ్డప్పుడు ఎవరూ లోపలికి రాలేరు. పెట్టకపోతే ఎవరైనా లోపలికి వచ్చేస్తారు. ఆ రెండు భయాల మధ్య గడియ పెట్టేది, తీసేది, మళ్ళీ పెట్టేది.

అలాంటి ఇంటి మీదికి ఇంకో ఇల్లు వచ్చి పడింది.

ఆయనకి కంప్యూటర్లో ఒక ఆట ఉంది. ఊరూ పేరూ లేని దీవి మీద, ఒంటి మీద సరిగ్గా బట్ట కూడా లేకుండా మొదలుపెడతారు. చెట్లు నరికి, రాళ్ళు కొట్టి, ఇల్లు కట్టుకుని, సామాను పోగేసుకోవాలి. ఆ దీవి మీద ఇంకా బోలెడుమంది ఉంటారు. అందరూ ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు కూర్చుని ఆడేవాళ్ళే, కంటపడితే చంపి సామాను ఎత్తుకుపోయేవాళ్ళే. చచ్చినవాళ్ళు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టుకోవాలి. అన్యాయమంతా ఎక్కడుందంటే, మనం కంప్యూటర్ ఆపేసినా ఆ దీవి ఆగదు. మనం ఉద్యోగంలో ఉన్నా అక్కడ తెల్లారుతుంది, చీకటి పడుతుంది, దొంగలు పడతారు. మన ఒక్క మధ్యాహ్నంలో అక్కడ నాలుగైదు రాత్రులు గడిచిపోతాయి. అందుకని ఆయన ఇంటి చుట్టూ కాపలా తుపాకులు పెట్టాడు. ఎవరైనా దగ్గరికొస్తే అవే పేలతాయి. వాటికి కరెంటు కావాలి. కరెంటుకి జనరేటర్ కావాలి. జనరేటర్‌కి ఆయిలు కావాలి. ఆయిలు పోయడానికి మనిషి కావాలి.

"నువ్వు ఇంట్లో ఖాళీగానే ఉంటావు కదా," అన్నాడు ఒకరోజు సాక్సులు తొడుక్కుంటూ. "మధ్యాహ్నం ఓసారి ఎక్కి జనరేటర్లో ఆయిల్ పోసెయ్. పాప పడుకున్నప్పుడు."

పాప పడుకున్నప్పుడు. ఆ మాట దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయింది. పాప పడుకున్నప్పుడు గిన్నెలు. పాప పడుకున్నప్పుడు బట్టలు. పాప పడుకున్నప్పుడు అత్తగారి ఫోను. పాప పడుకున్నప్పుడు నువ్వూ కాసేపు నడుం వాల్చమ్మా అని డాక్టరమ్మ. ఆ పిల్ల నిద్ర మొత్తం కలిపినా చారెడు. అందులో ఇంతమంది వాటాదారులు. ఇప్పుడు ఒక దీవి కూడా వచ్చి చెయ్యి చాపింది.

"నాకు కంప్యూటర్ రాదండీ," అంది.

"మిక్సీ వెయ్యడం పుట్టుకతో వచ్చిందా? ఇదీ అంతే."

నిజంగానే అంతే. రెండు రోజుల్లో వచ్చేసింది. అయితే ఆ జనరేటర్ తాగుడుకి అంతు లేదు. పోసింది పోసినట్టే తాగేసి, మధ్యాహ్నం తిరక్కుండానే నోరు తెరిచేది. ఆయిలు కోసం, ఆటలో ఆయన బదులు తిరిగే బొమ్మ గుండ్రాయిలా దీవంతా దొర్లాలి, పీపాలు పగలగొట్టాలి, దారిలో ఎవడో కాలుస్తాడు. ఒకరోజు ఆటలో ఆయన సామాను పెట్టెలు ఆమె వెతుకుతుంటే సోలార్ పలకలు దొరికాయి. ఎప్పుడో తెచ్చి పడేసి మర్చిపోయాడు. ఆమె చదువు పదో తరగతితో ఆగిపోయింది. సైన్సు పాఠాల్లో బాగా గుర్తున్నది ఒక్కటే, సెల్లుకి రెండు బల్బులు తగిలించే పాఠం. మిట్టమధ్యాహ్నం టీచరు కిటికీలు మూయించి బల్బు వెలిగిస్తే క్లాసంతా అరిచింది. ఆ అరుపులో తన గొంతు కూడా ఉండేదని తల్చుకుంటే, అది ఎవరో వేరే పిల్ల అనిపించేది.

పలకల్ని ఇంటి కప్పు మీదికి ఎక్కించింది. మొదటిసారి ఎండ రాని వైపు తిప్పి పెట్టింది. రెండోసారి వైరుని పలక నుంచి నేరుగా తుపాకులకి లాగింది. దీవిలో పొద్దుగూకగానే అన్నీ తలలు వాల్చేశాయి. అప్పుడు మధ్యలో బ్యాటరీ పెట్టాలని తెలిసింది. పగలు పలకలు దానిలోకి పోస్తాయి, రాత్రి తుపాకులు దానిలోంచి తాగుతాయి. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. బ్యాటరీ నుంచి వచ్చే వైరు మీద ముందెవరుంటే వాళ్ళు ముందు తాగుతారు, మిగిలింది వెనకవాళ్ళకి. ఈ సంగతి ఆమెకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. తను కంచం ముందు కూర్చునేసరికి గిన్నెలో ఏం మిగులుతుందో రోజూ చూస్తున్నదే.

ఆ సాయంత్రం ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆటలో స్నేహితుడితో గొప్పలు పోతున్నాడు. "చూశావా మామా, సోలార్ ఎక్కించేశాను. ఇంక ఆయిల్ గొడవ లేదు." ఆమె వెనకాల నిలబడి పాపకి అన్నం తినిపిస్తోంది. ఎక్కించేశాను. ఆ మాట విని కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. ఏదో ఒక మూల చిన్న అనుమానం మాత్రం వచ్చి కూర్చుంది. ఈ మనిషి బయట ఎవరెవరితో, ఏమేమి తను చేసినట్టు చెప్పుకుంటున్నాడో.

ఆ స్నేహితుడికి గడ్డం అని పేరు. ఆటలో పెట్టుకున్న పేరు అదే. ఆ బొమ్మకీ గుండెల దాకా గడ్డం. అసలు పేరేమిటో ఆయనకీ తెలియదు. పరిచయమంతా ఇంచుమించు ఆటలోనే. గడ్డం ఇల్లు ఆ దీవిలో వీళ్ళ ఇంటికి ఎదురుగానే, మధ్యలో ఒక సన్నటి వాగు. పగలు గడ్డం ఏదో మందుల గోడౌన్లో పనికి పోతాడని ఆయనే చెప్పాడు.

మరి పగలు పనికి పోయేవాడు ఒక మధ్యాహ్నం దీవిలో వాగు ఇవతల గట్టు మీద నిలబడి ఈమె ఇంటి వైపు చూస్తున్నాడేమిటి?

ఆమె బొమ్మని లోపలికి తీసుకుపోయి తలుపులన్నీ మూసింది. అంతటితో ఆగక లేచి వెళ్ళి, నిజం ఇంటి తలుపు గడియ కూడా వేసొచ్చింది. ఎందుకొచ్చాడు? ఈ బొమ్మని ఆడించేది తనని వాడికి తెలుసా? తెలిస్తే ఎవరు చెప్పారు? పగలు నా పెళ్ళాం ఎక్కుతుంది, ఓ కన్నేసి ఉంచు మామా అని ఆయనే చెప్పాడా? లేక వాడు దొంగా, స్నేహం నటిస్తూ పెట్టెల్లో ఏముందో చూసుకుపోతున్నాడా? కిటికీ సందులోంచి చూస్తే వాడు కదలకుండా అలాగే నిలబడి ఉన్నాడు. కాసేపటికి గుమ్మం ముందు ఒక చిన్న మూట పడేసి వాగు దాటి వెళ్ళిపోయాడు. మూటలో చుట్ట చుట్టిన రాగి తీగ ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"మీ గడ్డం ఫ్రెండు పగలు పనికి వెళ్ళడా?" అంది ఆ సాయంత్రం, మాటల్లో మాటగా.

"వెళ్తాడే. ఏం?"

"ఊరికే."

"ఊరికే ఎందుకడుగుతావ్?" అని ఆయన మొహం తిప్పి చూసిన చూపుకి, మళ్ళీ ఆ ఊసెత్తకూడదని నిశ్చయించుకుంది.

ఎత్తలేదు, కానీ కనిపెట్టి చూడటం మానలేదు. సాయంత్రాలు ఆయన ఆడుతుంటే వెనకనుంచి గడ్డాన్ని చూసేది. గెంతుతాడు, కోతిలా మెట్ల మీంచి దూకుతాడు, పెట్టెలో చెయ్యి పెట్టి అన్నీ కలిపేసి పోతాడు, తలుపులు బార్లా వదిలేస్తాడు. అదే గడ్డం, మధ్యాహ్నం కిటికీలోంచి వాగు అవతలికి చూస్తే, నడుస్తాడు. పెట్టెలు ఒక్కొక్కటే తెరిచి దేని పక్కన దాన్ని సర్దుతాడు. ఉన్నట్టుండి గోడ వైపు మొహం పెట్టి అలాగే నిలబడిపోతాడు, చాలాసేపు. మళ్ళీ కదిలి, వదిలేసిన పని దగ్గర్నుంచి అందుకుంటాడు. ఏ గదిలోంచి బయటికొచ్చినా వెనక్కి తిరిగి తలుపు వేస్తాడు. అక్కడ ఆమెకి అనుమానం తీరిపోయింది. వెనక్కి తిరిగి తలుపు వేసే మగాణ్ణి ఆమె ఇంతవరకూ చూడలేదు. ఇక ఆ గోడ వైపు నిలబడటమంటారా, తనూ రోజూ చేస్తున్నదే. పాప లేచి ఏడిస్తే చేతిలోది అక్కడే వదిలేసి పరిగెత్తుతుంది. దీవి మీద తన బొమ్మ ఏ గోడనో చూస్తూ ఉండిపోతుంది.

గడ్డం లోపల ఎవరో ఇల్లాలు ఉంది.

మర్నాడు ఆ రాగి తీగతోనే వాగు వైపు గోడకి ఒక లైటు పెట్టింది. పక్కనే స్విచ్చి. వేసింది, ఆర్పింది, వేసింది. చాలాసేపటికి అవతలి మనిషి వాగు దాటి వచ్చి ఆ స్విచ్చి ముందు నిలబడి, ఆర్పి, వేసింది. ఆ పూట అంతకన్నా ఏమీ జరగలేదు. ఆమెకి మాత్రం పొయ్యి మీద పాలు పొంగినా చిరాకు రాలేదు.

ఆటలో టైపు చేసి మాట్లాడుకోవచ్చు, కానీ అది మగాళ్ళు చదువుతారు. మైకులో మాట్లాడితే గొంతు ఎవరైనా వింటారు. గుమ్మంలో పాతుకునే చెక్క పలక ఒకటుంటుంది, దాని మీద మౌసుతో గీసి రాయొచ్చు, చెరపొచ్చు. ఒకటో తరగతి పిల్లల రాతలా వంకర టింకరగా అవతలామె మొదట రాసింది: "మీరు వాళ్ళావిడా?"

"అవును. మీరు?"

"వాళ్ళావిడనే. జనరేటర్ నాకు అప్పజెప్పాడు వదినా."

వదినా అన్న మాటని ఆమె మళ్ళీ మళ్ళీ చదువుకుంది. పెళ్ళయి ఈ ఊరొచ్చాక ఆమెని అలా ఎవరూ పిలవలేదు. పేర్లు అడగాలని ఇద్దరికీ తోచలేదు, ఆమెకి ఈమె వదిన, ఈమెకి ఆమె వదిన. అక్కణ్ణుంచి రోజూ కాసేపు. సోలార్ పలకలు దొరికితే ఎలా పెట్టాలో ఈమె వదినకి నేర్పింది. వదిన ఈమెకి ఆయిలు పీపాలు దొరికే దారి చూపించింది. కండలు తిరిగిన ఇద్దరు వీరులు, భుజాన తుపాకులు, వాగు గట్టు మీద నిలబడి పిల్లల పళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు. వదినకి బాబు, ఇంకా పాలు తాగుతున్నాడు, డబ్బాపాలు నోట పెట్టడు. "మన మగాళ్ళకి రెండిళ్ళ భోగం, మనకి రెండిళ్ళ పాచిపని," అని రాసింది వదిన ఒకసారి. ఈమె ఇక్కడ గట్టిగా నవ్వేసరికి పాప ఉలిక్కిపడి లేచింది.

ఒకరోజు తన భయం సంగతి రాసింది. పలక సరిపోలేదు, చెరిపి మళ్ళీ రాసింది. తడి గచ్చు, దూరంగా ఏడుపు, బుట్టలో పాప. వదిన చాలాసేపు కదల్లేదు. పిల్లాడు ఏడ్చాడేమో అనుకుంది. తర్వాత పలక మీద అక్షరాలు వచ్చాయి: "నాకూ అదే వదినా. లైటు పెట్టుకుందాం." వదిన కూడా తన గోడకి ఒక లైటు బిగించింది. వచ్చినప్పుడు ఎవరి లైటు వాళ్ళు వెయ్యాలి, వెళ్ళేటప్పుడు ఆర్పాలి. వాగుకి అవతల లైటు వెలిగిందంటే అక్కడ అంతా బాగున్నట్టు. అంత జాగ్రత్తగా ఏర్పాటు చేసుకున్నవాళ్ళు, వెలగకపోతే ఏం చెయ్యాలో మాత్రం మాట్లాడుకోలేదు. ఫోన్ నంబరు అడిగితే, "ఆయన చూస్తాడు, వద్దు," అని వదిన రాసి వెంటనే చెరిపేసింది. ఇల్లెక్కడని అడగాలని ఈమె రోజూ అనుకునేది. చూస్తాడు అన్న మాట మనసులో ములుకులా గుచ్చుకుంటున్నా, అడిగితే వదిన బెదిరి రావడం మానేస్తుందేమోనని రేపటికి వాయిదా వేసేది.

అలా వాయిదా వేస్తుండగా పాపకి జ్వరం వచ్చింది. మధ్యాహ్నం దీవి మీద లైటు వేసి వాగు వైపు తిరిగింది, పక్కగదిలో పాప మూలిగిన చప్పుడు తేడాగా వినిపించింది. వెళ్ళి ముట్టుకుంటే పెనంలా కాలిపోతోంది, కళ్ళు తేలేస్తోంది. అంతే, పిల్లని భుజాన వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగు. కంప్యూటర్ ఆపలేదు. ఆ దీవి మీద లైటు ఆర్పలేదు. ఆమె బొమ్మ కళ్ళు తెరుచుకుని, లైటు కింద నిలబడే ఉంది.

సాయంత్రం మందుల సంచీతో తిరిగొచ్చేసరికి ఆయన కంప్యూటర్ ముందున్నాడు.

"పాపకి జ్వరమండీ. ఇప్పటిదాకా అక్కడే ఉన్నాం."

"తగ్గిందా?" అన్నాడు తల తిప్పకుండా. "ఇల్లు మొత్తం ఊడ్చేశారు చూడు, సోలార్ పలకలతో సహా. ఆ లైటు తుపాకుల కంటే ముందు తగిలించావు. అది అక్కడి రాత్రులన్నీ వెలిగి బ్యాటరీ తాగేసింది. ఒక్క తుపాకీ పేల్లేదు. ఎవరు పెట్టమన్నారు లైటు?"

"చీకటిగా ఉందని పెట్టాను."

హెడ్‌ఫోన్లోంచి గడ్డం గొంతు చిన్నగా, స్పష్టంగా బయటికొచ్చింది. "ముందు ఇది చెప్పు మామా. నా బొమ్మ మీ గుమ్మంలో చచ్చి పడుందేమిటి?"

నిజమే. తెర మీద రెండు శవాలు పక్కపక్కనే పడి ఉన్నాయి. ఒకటి ఆమెది. ఒకటి గడ్డం ఉన్నది, గుమ్మానికి అడ్డంగా. పక్కన చెక్క పలక. చెరపడానికి ఎవరూ మిగల్లేదు కనక రాత అలాగే ఉంది. ఆయన పైకి చదివాడు: "వదినా, పడిపోయావా? ఒక్కసారి కదులు. నేను ఇక్కడే ఉంటాను."

ఆమె అక్కడే గోడకి ఆనుకుంది. దొంగలొచ్చారు, తుపాకులు పేల్లేదు, వదిన తన ఇల్లు తను చూసుకోకుండా ఈ గుమ్మంలోనే నిలబడింది. లైటు వేసి ఉంది, మనిషి కదలడం లేదు. అవతల ఇంట్లో వదిన ఎంత కంగారు పడిందో. ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీక ఎన్నిసార్లు కదలని ఈ బొమ్మ మీదే చూపు నిలుపుకుందో.

"వదినెవరు?" అన్నాడు ఆయన, ఈసారి తల తిప్పి.

"నాకేం తెలుసు," అంది.

హెడ్‌ఫోన్లో బటన్ల టకటక ఆగింది. తర్వాత గడ్డం, "ఉంటా మామా," అన్నాడు, చాలా మామూలుగా. ఆ మామూలుతనం ఆమె ఒంట్లోకి చలిలా దిగింది.

మర్నాడు వాగుకి అవతల లైటు వెలగలేదు. ఆ మర్నాడూ వెలగలేదు. మధ్యాహ్నాలు గడ్డం బొమ్మ, ఆడించేవాళ్ళు లేక, తన ఇంట్లో కళ్ళు మూసుకుని పడుకుని ఉండేది. సాయంత్రాలు మాత్రం అదే గెంతులు, అదే బార్లా తలుపులు. అక్కడి జనరేటర్ ఎండిపోయి తుపాకులు తలలు వాల్చేస్తే, గడ్డం తనే ఆయిలు పోసుకుంటున్నాడు.

"మీ గడ్డం భార్య కూడా ఆడుతుందన్నారు?" అంది, ఎవరూ అనకపోయినా.

"ఆడేదట. ఇప్పుడు పుట్టింటికి పంపేశాడట." ఆయన నవ్వాడు. "నయం, నీకు పుట్టిల్లు దూరం."

పుట్టింటికి. అయ్యుండొచ్చు. పిల్లల్ని తీసుకుని ఆడవాళ్ళు పుట్టింటికి పోతూనే ఉంటారు. పోయే ముందు వదిన ఒక్క మాట రాయదా? రాసే వ్యవధి లేదేమో. కోపం వచ్చిందేమో తన మీద. అలా పొద్దస్తమానం ఒకదాని మీద ఒకటి కారణాలు పేర్చుకుంటూ పోయింది, ఏది పేర్చినా కాసేపటికి కూలిపోయేది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆయన ఆట మధ్యలో హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి స్నానాలగది వైపు వెళ్ళాడు. ఆమె బల్ల తుడుస్తోంది. వాటిలోంచి ఏదో సన్నగా వినిపిస్తోంది. ఆటలో జంతువేమో అనుకుంది. తీసి చెవికి పెట్టుకుంది.

పసిపిల్లాడు ఏడుస్తున్నాడు. గడ్డం మైకు తెరిచే ఉంది. కుర్చీ కిర్రుమంటోంది, బటన్లు టకటక పడుతున్నాయి, వెనకాల ఎక్కడో ఆ ఏడుపు. మారాం కాదు, నిద్ర ఏడుపు కాదు. ఆకలి ఏడుపు. ఆ ఏడుపు ఆమెకి తెలుసు, ఆమె ఒంటికి తెలుసు. నిలబడ్డ చోటే జాకెట్టు తడిసిపోయింది. చెవిని ఇంకా గట్టిగా అదుముకుని విన్నది. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఎదురుచూసింది. ఊరుకో నాన్నా అని ఒక గొంతు, ఒక గాజు చప్పుడు, ఒక అడుగు. ఏదీ రాలేదు. టకటక మాత్రం ఆగలేదు.

పాలు మానని బిడ్డని వదిలి పుట్టింటికి ఏ తల్లి పోతుంది?

"ఏం వింటున్నావ్?" వెనకనుంచి ఆయన.

"వాళ్ళ బాబు ఇంట్లోనే ఉన్నాడండీ. ఏడుస్తున్నాడు. వాళ్ళమ్మ పుట్టింటికి పోలేదు."

"నీకెలా తెలుసు?"

"బాబు పాలు తాగుతున్నాడు. డబ్బాపాలు తాగడు."

ఆయన మొహం మెల్లిగా మారింది. "ఇవన్నీ నీకెలా తెలుసు? అంటే ఆ వదినవి నువ్వేనా? నాకేం తెలుసన్నావు?"

"అవును, నేనే. అడ్రసు చెప్పండి."

"వాళ్ళింటి గొడవ మనకెందుకు? వాడసలే అనుమానం మనిషి."

"పోనీ పగలు ఆయన పనికి పోతే ఆ పిల్లాణ్ణి ఎవరు చూస్తున్నారు?"

వాడి అమ్మ ఉందేమో అన్నాడు. వాడికి ఎవరూ లేరని ఇదివరకు తనే ఆమెతో చెప్పిన సంగతి గుర్తొచ్చినట్టుంది, ఆగిపోయాడు. హెడ్‌ఫోన్లు అందుకుని మైకు మూసి, గొంతు తగ్గించాడు. "ఒకే ఒక్కసారి కలిశాను. బండి మీద దింపాను. కింద టైర్ల కొట్టు, పైన ఇళ్ళు. పైకి పిలవలేదు. తాళం తీసి లోపలికి పోతుంటే, లోపల మీవాళ్ళున్నారన్నావు కదరా, తాళం ఏంటి అని నవ్వితే, అలవాటు మామా, బయట వేసుకుని పోతా అన్నాడు. జోకేమో అనుకున్నా."

"ఏ వీధి?"

"గుర్తులేదు. చీకటి పడింది. నిజంగా గుర్తులేదు."

ఆపదలో ఉన్న ఆడవాళ్ళ కోసం ఉండే నంబరుకి ఆమె ఆ పూటే ఫోన్ చేసింది. అవతల ఉన్నావిడ మంచిగానే మాట్లాడింది. పేరడిగింది. వదిన అని చెప్పాలా? భర్త పేరడిగింది. గడ్డం అని చెప్పాలా? ఇంటి నంబరు, వీధి? మీరు ఆమెని ఎప్పుడు చూశారమ్మా అని అడిగింది. ఎప్పుడూ చూడలేదంటే, వివరాలు రాసుకున్నామమ్మా, ఇల్లు తెలిస్తే వెంటనే చెయ్యండి అంది. ఫోన్ పెట్టాక ఆమెకి ఒక్కటే అనిపించింది. తను పడిపోయిందనుకుని, ఏమీ తెలియని ఆ పిల్ల గుమ్మంలో నిలబడింది. కదులు అని అడిగింది. చచ్చేదాకా అక్కడే ఉంది. అది బొమ్మే కావచ్చు. ఆ పిల్ల దగ్గర ఉన్నదల్లా ఆ బొమ్మే.

పొద్దున ఆయన సాక్సులు తొడుక్కుంటుంటే ఆమె పాపకి టోపీ పెడుతోంది, సంచీలో నీళ్ళసీసా, పాత గుడ్డలు, డాక్టరమ్మ ఇచ్చిన మందు.

"ఎక్కడికి?"

"టైర్ల కొట్లు చూసొస్తాను."

"ఎన్నుంటాయో తెలుసా? ఎన్నని తిరుగుతావు, చంకలో పిల్లతో? నువ్వే పడిపోయే మనిషివి." అని, రెండో సాక్సు అందుకుంటూ, "మరి మధ్యాహ్నం ఇల్లెవరు చూస్తారు?" అన్నాడు.

"ఏ ఇల్లు?" అంది.

కావాలంటే ఆయిలు సాయంత్రం వచ్చాక మీరే పోసుకోండి అని చెప్పి మెట్లు దిగింది.

అప్పట్నుంచి రోజూ వెళ్తోంది. టైర్ల కొట్టు కనిపిస్తే ముందు పైకి చూస్తుంది, ఆరేసిన పొత్తిగుడ్డలేమైనా ఉన్నాయా అని. మెట్లెక్కి తలుపులు కొడుతుంది. కొందరు విసుక్కున్నారు, ఒకాయన ఏదో అమ్మడానికి వచ్చిందనుకుని తరిమాడు, ఒక పెద్దావిడ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి తనూ తోడొచ్చి పక్క మేడ చూపించింది. కళ్ళు తిరిగినప్పుడు ఆమె మెట్ల మీదే కూర్చుంటోంది, పడకముందే. వదిన ఇల్లు ఇంకా దొరకలేదు.

ఊరు పెద్దది, ఆమె ఒక్కతి. అందుకే మిమ్మల్ని అడగడం. మీరుండే వైపు కింద టైర్ల కొట్టు ఉన్న మేడ ఏదైనా ఉంటే, ఈ పూటే ఒకసారి పైకెక్కండి. బయట తాళం వేసి ఉన్న తలుపు కనిపిస్తే, ఇంట్లో ఎవరూ లేరనుకుని దిగిపోకండి. తలుపు తట్టి, వదినా అని పిలవండి. ఆమె పలికేదాకా అక్కడే ఉండండి.